రెండున్నర సెంటీమీటర్ల ఎముక ఏం చెప్పింది? ప్రాచీన మానవుల కలయిక ఎలా తెలిసిందంటే

ప్రసంగ పాఠం (రికార్డింగు విని రాసినది, తడబాట్లు మాత్రం తీసేశాం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

మనలో నియాండర్తాల్ మానవుల అంశ ఉందన్న మాట మీరు పేపర్లో చదివే ఉంటారు. ఫోన్లో వీడియోలూ చూసే ఉంటారు. ఆఫ్రికా బయటి జనంలో ప్రతి ఒక్కరిలోనూ సుమారు రెండు శాతం అంటారు. సరే. ఆ మాట ఎలా తెలిసింది? ఎందుకు నమ్మాలి? ఎక్కడ దాకా నమ్మాలి? ఈ సాయంత్రం ఇంతే మన విషయం. యాభై వేల ఏళ్ల కిందట ఎవరు ఎవరితో పిల్లల్ని కన్నారో చూసినవాళ్లు లేరు, రాసిపెట్టినవాళ్లు లేరు. మరి అంత గట్టిగా ఎలా చెబుతున్నారు? ఈ అనుమానం మీలో ఎవరికైనా ఉంటే దాన్ని అలాగే పట్టుకుని కూర్చోండి. చివరిదాకా అది మనకి పనికొస్తుంది.

ముందు మనుషుల్ని పరిచయం చేస్తాను, త్వరగా. నియాండర్తాల్ పేరు జర్మనీలోని ఒక లోయది. 1856లో అక్కడ సున్నపురాయి తవ్వుతుంటే గుహలో పుర్రె పైభాగం, కొన్ని ఎముకలు దొరికాయి. పశ్చిమ యూరప్ నుంచి సైబీరియా దాకా ఉన్న మానవులు వీళ్లు. రెండోవాళ్లు డెనిసోవన్లు. వీళ్ల సంగతి 2010 దాకా లోకానికి తెలియదు. వీళ్లు మొదట బయటపడింది పుర్రెతో కాదు, ఒక చిటికెన వేలి ఎముక ముక్కలోని డీఎన్ఏతో. మన శాఖ, ఈ రెండు శాఖలకూ మూలమైన శాఖ విడిపోయి ఐదారు లక్షల ఏళ్ల పైమాట. ఆ తర్వాత, నాలుగు లక్షల ఏళ్ల కిందట అటూ ఇటూగా, నియాండర్తాల్‌లూ డెనిసోవన్లూ వేరయ్యారు. ఇంతవరకు చాలు.

మరి ఎముక ఆకారం చూసి కలయిక చెప్పలేమా? ప్రయత్నించారు. 1998లో పోర్చుగల్‌లోని లాగర్ వెల్యో అనే చోట ఒక పిల్లవాడి అస్థిపంజరం దొరికింది. గడ్డం మనలా ఉంది, ముంగాళ్ల ఎముకలు పొట్టిగా నియాండర్తాల్‌లా ఉన్నాయి. ఇద్దరి కలయికకి ఇదే సాక్ష్యం అని కొందరన్నారు. బలంగా పెరిగిన మామూలు పిల్లవాడే అని ఇంకొందరన్నారు. ఏళ్ల తరబడి వాదించారు, తేలలేదు. ఎందుకు తేలదు? ఎముక పొడవు, మందం తిండి మీద, చలి మీద, చేసిన పని మీద కూడా ఆధారపడతాయి. ఇద్దరు తల్లిదండ్రులకి పుట్టిన బిడ్డ ఎముకలు సరిగ్గా మధ్యరకంగా ఉండాలన్న నియమమేమీ లేదు. ఆకారం అనుమానం పుట్టిస్తుంది, అంతే. రుజువు ఇంకోచోట వెతకాలి.

అందుకని మనం సైబీరియా వెళదాం. దక్షిణ సైబీరియాలో ఆల్తాయ్ పర్వతాలు, అనూయ్ అనే నది, దాని ఒడ్డున డెనిసోవా గుహ. గుహలో ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ చలే మనకి ముఖ్యం, ఎందుకో చెబుతాను. ఈ గుహలో ఎముకలకి కొదవలేదు. కాని దాదాపు అన్నీ పిండి పిండి అయిన ముక్కలే. హైనాలు, తోడేళ్లు నమిలి పారేసినవి. జింకదో, గుర్రందో, మనిషిదో చూసి చెప్పలేం. ఇలాంటివి సంచుల్లో మూటగట్టి పక్కన పెట్టేవాళ్లు.

సమంతా బ్రౌన్, కటెరీనా డౌకా, టామ్ హైయమ్ అనే పరిశోధకులు, వాళ్ల సహచరులు ఆ సంచులు విప్పారు. ఒక్కో ముక్క నుంచి ఇరవై మిల్లీగ్రాముల ఎముక తీశారు. ఎముకలో కొలాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని వేడితో మెత్తబరిచి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో కోస్తే చిన్న చిన్న తునకలవుతుంది. ఆ తునకల బరువులు మాస్ స్పెక్ట్రోమీటరులో తూస్తారు. గుర్రం కొలాజెన్‌కి ఒక వరస బరువులు, ఎలుగుబంటికి ఒక వరస, మనిషికి ఒక వరస. ఖర్చు తక్కువ, పని వేగం. దీనికి ఒక హద్దు ఉంది, గుర్తుపెట్టుకోండి. ఇది మానవ కుటుంబం అని మాత్రమే చెబుతుంది. నియాండర్తాలా, డెనిసోవనా, మనమా అని తేల్చదు. సరే, 2,315 ముక్కలు ఇలా చూశారు. ఎన్ని మానవ ఎముకలు తేలాయి? ఒక్కటి. పొడవు రెండున్నర సెంటీమీటర్లు, బరువు రెండు గ్రాములు కూడా లేదు. దాని పేరు డెనిసోవా 11.

ఇప్పుడు డీఎన్ఏ తీయాలి. ఈ పని ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదాలన్నీ ఇక్కడే ఉన్నాయి. డీఎన్ఏ అంటే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన పొడవాటి దారం అనుకోండి. మనిషి చచ్చిన వెంటనే అది విరగడం మొదలవుతుంది. నీరు తెంపుతుంది, వేడి ఆ తెంపడాన్ని వేగం చేస్తుంది. వేల ఏళ్లు గడిచాక మిగిలేవి ముప్ఫై, నలభై, అరవై అక్షరాల తునకలు. వాటి మధ్య నేలలోని బాక్టీరియా డీఎన్ఏ గుట్టలుగా ఉంటుంది. చాలా ఎముకల్లో తీసిన డీఎన్ఏలో ఆ మనిషిది వందకి ఒకటి నుంచి ఐదు పాళ్లే. వీటికి తోడు తవ్వినవాళ్ల చేతులు, కడిగినవాళ్ల చేతులు, మ్యూజియంలో చూపించినవాళ్ల చేతులు. ఆ చేతుల డీఎన్ఏ కొత్తది, పొడవైనది, పుష్కలంగా ఉన్నది. పాతదాన్ని సులువుగా మింగేస్తుంది.

అందుకని ఏం చేస్తారు? ప్రత్యేకమైన శుభ్రమైన గది. లోపలి గాలి ఒత్తిడి బయటకంటే ఎక్కువ, తలుపు తీస్తే గాలి బయటికే పోవాలి, లోపలికి రాకూడదు. బల్లలు బ్లీచుతో తుడుస్తారు, రాత్రంతా అతినీలలోహిత దీపాలు వెలుగుతాయి. ఒళ్లంతా కప్పే సూటు, రెండు జతల గ్లవుజులు, మాస్కు. ఎముక పైపొర గీకి పారేస్తారు. తర్వాత చిన్న డ్రిల్లుతో నెమ్మదిగా పొడి తీస్తారు. వేగంగా తిప్పితే ఎముక వేడెక్కి మిగిలిన కాస్త డీఎన్ఏ కూడా పోతుంది. పది నుంచి యాభై మిల్లీగ్రాముల పొడి చాలు. ఈడీటీఏ ద్రావణం కాల్షియాన్ని కరిగిస్తుంది, ప్రొటినేజ్ కె ప్రోటీన్‌ని అరగదీస్తుంది, విడిపోయిన డీఎన్ఏని సిలికా పట్టుకుంటుంది. పక్కనే ఎముక పొడి వేయని ఖాళీ గొట్టం ఒకటి పెట్టి, దానికీ అన్ని దశలూ చేస్తారు. ఆ ఖాళీ గొట్టంలో మనిషి డీఎన్ఏ కనబడితే రసాయనాలే మైలపడ్డాయని అర్థం.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా తేలిన తునక పాతదని ఎలా నమ్మాలి? దానికీ గుర్తుంది. డీఎన్ఏలో సి అనే అక్షరం కాలం గడిచేకొద్దీ రసాయనికంగా మారిపోతుంది, యంత్రం దాన్ని టి అని చదువుతుంది. ఈ మార్పు తునకల చివర్లలో ఎక్కువ, నడిమధ్య తక్కువ. కొత్త డీఎన్ఏలో ఈ తీరు కనపడదు. అంటే పాతబడటమే పాతదనానికి సాక్ష్యం. అలాగే మరీ పొట్టి తునకలు, ముప్ఫై ఐదు అక్షరాలకి లోపు ఉన్నవి, పారేస్తారు. అంత పొట్టివి బాక్టీరియావి కూడా కాకతాళీయంగా మనిషి జన్యువులో, అంటే మనిషి మొత్తం డీఎన్ఏలో, ఎక్కడో ఒకచోట అతుక్కుంటాయి. ఈ కట్టుబాట్లన్నీ ఊరికే రాలేదండీ. 2006లో నియాండర్తాల్ జన్యువులో పది లక్షల అక్షరాలు చదివామని ప్రకటించారు. అందులో నేటి మనిషి డీఎన్ఏ కలిసిందని మరుసటి ఏడే వేరే పరిశోధకులు లెక్కలతో చూపించారు. ఆ దెబ్బతో పద్ధతులు గట్టిపడ్డాయి. 2010 మే నెలలో వచ్చిన నియాండర్తాల్ జన్యు చిత్తుప్రతి ఆ గట్టి పద్ధతులతో వచ్చింది. ఆ పనికి నాయకుడు స్వాంటె పాబో, 2022లో నోబెల్ అందుకున్నాయన.

మళ్లీ మన ఎముక దగ్గరికి. 2016లో దాని మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణంలో కేంద్రకం బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ, చదివారు. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది కదా. అది నియాండర్తాల్‌ది. అయితే ఇంకేం, నియాండర్తాల్ మనిషి అనుకోవచ్చు. కాని కేంద్రకంలోని డీఎన్ఏ చదివిన వివియాన్ స్లోన్ బృందానికి వింత ఫలితం కనబడింది. నియాండర్తాల్‌లూ డెనిసోవన్లూ తేడాగా ఉండే చోట్లు తీసుకుని చూస్తే, 38.6 శాతం తునకలు నియాండర్తాల్ అక్షరంతో, 42.3 శాతం డెనిసోవన్ అక్షరంతో సరిపోయాయి. దాదాపు చెరిసగం. సరిగ్గా యాభై యాభై ఎందుకు కాలేదంటారా? మనం పోల్చి చూసేది ఒక్కో శాఖ నుంచి ఒక్కో మనిషి జన్యువుతో. ఆ ఒక్క మనిషికే పరిమితమైన అక్షరాలు కొన్ని ఉంటాయి, అవి ఆ శాఖవాళ్లందరిలో ఉండవు. అందుకని రెండు వైపులా అంకె కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు మీ అనుమానం బయటికి తీయండి. ఇద్దరి ఎముకల పొడి ప్రయోగశాలలో కలిసిపోయి ఉండొచ్చు కదా? మంచి ప్రశ్న, వాళ్లూ మొదట అదే అనుకున్నారు. ఎముక నుంచి మళ్లీ మళ్లీ పొడి తీసి చూశారు, ప్రతిసారీ అదే ఫలితం. ఇంకో సంగతి. ఇద్దరు మనుషుల డీఎన్ఏ కలిస్తే మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా రెండు రకాలు కనబడాలి. ఇక్కడ ఒక్క రకమే ఉంది. సరే, పొడి కలవలేదు. మరి ఆ గుహ చుట్టూ తరతరాలుగా కలిసిపోయిన జనం ఉండేవారేమో, ఈ ఎముక వాళ్లలో ఒకరిదేమో? ఎవరి జన్యువులోనైనా ప్రతిచోటా రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అప్పుడు ఏం కనబడాలో ఆలోచించండి. జన్యువులో కొన్నిచోట్ల రెండు ప్రతులూ నియాండర్తాల్, కొన్నిచోట్ల రెండూ డెనిసోవన్, కొన్నిచోట్ల ఒకటి ఇటు ఒకటి అటు. అలా లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దాదాపు ప్రతిచోటా ఒక ప్రతి ఇటుది, ఒక ప్రతి అటుది. అలా ఉండటానికి ఒకే ఒక్క దారి ఉంది. తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్.

ఎముక గోడ మందాన్ని బట్టి చనిపోయేనాటికి వయసు పదమూడేళ్లకి తక్కువ కాదు. డీఎన్ఏ దారాల కట్టల్ని క్రోమోజోములంటారు. వాటిలో ఎక్స్ ఆడవాళ్లకి రెండు, మగవాళ్లకి ఒకటి. ఇక్కడ ఎక్స్ క్రోమోజోము తునకలు మిగతా క్రోమోజోముల తునకలంత దండిగా ఉన్నాయి కాబట్టి ఆడపిల్ల. కాలం సుమారు 90 వేల ఏళ్ల కిందట. ఇక్కడ నాకు చాలా విలువైనదిగా తోచే విషయం ఇంకొకటి ఉంది. తల్లి ఏ నియాండర్తాల్‌లకి దగ్గర? అదే గుహలో అంతకు ముందు బతికిన నియాండర్తాల్ స్త్రీ జన్యువు మన దగ్గర ఉంది. ఆమెకి కాదు, వేల మైళ్ల దూరాన క్రొయేషియాలో విండియా గుహలో దొరికిన నియాండర్తాల్‌కి ఎక్కువ దగ్గర. అంటే నియాండర్తాల్ గుంపులు ఖండం అడ్డంగా కదిలాయి. ఇక తండ్రి. అతని జన్యువులోనూ అక్కడక్కడా నియాండర్తాల్ ముక్కలున్నాయి, అతనికి 300 నుంచి 600 తరాల ముందు వచ్చినవి. తేలిన కొద్దిపాటి ఎముకల్లోనే నేరుగా కలిసిన జంట బిడ్డ దొరికిందంటే, ఆ బిడ్డ తండ్రి వంశంలో కూడా పాత కలయిక ఉందంటే, ఈ రెండు శాఖలు ఎదురుపడినప్పుడల్లా పిల్లలు పుట్టడం అరుదేమీ కాదన్నమాట.

ముక్క పొడవు

ఇందాక 300 నుంచి 600 తరాలు అన్నాను. తరాలు ఎలా లెక్కపెట్టారు? మొత్తం ప్రసంగంలో మీరు ఒక్కటే తీసుకెళ్లాలనుకుంటే ఇది తీసుకెళ్లండి. పదెకరాల ఏకచెక్క పొలం ఉందనుకోండి. కొడుకులు పంచుకున్నారు, వాళ్ల కొడుకులు మళ్లీ పంచుకున్నారు. పాత కాగితాలన్నీ పోయినా, గట్లు చూసి, మడి వెడల్పు చూసి, ఎన్ని పంపకాలు జరిగాయో ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేస్తారు. క్రోమోజోము కూడా అంతే. మీ అమ్మ నుంచి, మీ నాన్న నుంచి వచ్చిన రెండు ప్రతులు మీ బిడ్డకి యథాతథంగా వెళ్లవు. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఆ రెండు ప్రతులూ, క్రోమోజోములన్నీ కలిపి ముప్ఫై నలభై చోట్ల తెగి, అటుది ఇటు ఇటుది అటు అతుకుతాయి. ప్రతి తరంలోనూ ఇదే. ఎన్ని తరాలు గడిస్తే అంత పొట్టి ముక్కలు.

ఒక మోటు లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. పది కోట్లని తరాల సంఖ్యతో భాగిస్తే ముక్క సగటు పొడవు అక్షరాల్లో వస్తుంది. ఐదు తరాలైతే రెండు కోట్ల అక్షరాలు. పదహారు వందల తరాలైతే అరవై వేల పైచిలుకు. ఈ లెక్క మన చేతిలో ఉంటే ఏ ఎముకనైనా అడగొచ్చు.

అడుగుదాం. రుమేనియాలో ఓఆసె అనే గుహ. 2002లో అక్కడ ఒక దవడ దొరికింది, 37 వేల నుంచి 42 వేల ఏళ్ల నాటిది. ఆధునిక మానవుడి దవడే, కొన్ని లక్షణాలు మాత్రం అనుమానంగా ఉన్నాయి. 2015లో డీఎన్ఏ చదివితే నియాండర్తాల్ వాటా 6 నుంచి 9 శాతం. అంతకంటే పెద్ద విషయం ముక్కల పొడవు. పన్నెండో క్రోమోజోములో దాదాపు సగం ఏకచెక్కగా నియాండర్తాల్‌దే! ఇంత పొడవు ముక్క మిగిలిందంటే పంపకాలు ఎన్నో జరగలేదు. నాలుగు నుంచి ఆరు తరాల వెనక, అంటే రెండు వందల ఏళ్ల లోపే, అతని పూర్వీకుల్లో ఒక నియాండర్తాల్ ఉన్నారు. ఇంకో ఎముక. సైబీరియాలో ఇర్తిష్ నది ఒడ్డు, ఉస్త్ ఇషిమ్ అనే చోటు, ఒక తొడ ఎముక, 45 వేల ఏళ్ల నాటిది. వాటా మనదానికి దగ్గరదగ్గరే. ముక్కలు మాత్రం మనకంటే స్పష్టంగా పొడవు, ఓఆసె మనిషివాటికంటే బాగా పొట్టి. లెక్క వేస్తే 232 నుంచి 430 తరాల కిందటి కలయిక. 2024లో ఇలాంటి పాత జన్యువుల్ని, నేటివాళ్ల జన్యువుల్ని కలిపి చూసిన ఒక పెద్ద అధ్యయనం, మనందరిలో ఉన్న నియాండర్తాల్ అంశ ప్రధానంగా ఒకే దఫాలో వచ్చిందని తేల్చింది. ఆ దఫా సుమారు 50,500 ఏళ్ల కిందట మొదలై ఏడు వేల ఏళ్ల పాటు సాగింది. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల ఎముకలు. ఓఆసె మనిషి వంశంలో ఆ తర్వాత విడిగా జరిగిన కలయికని పక్కన పెడితే, అన్నీ వేలు పెట్టి చూపించే కాలం దాదాపు ఒకటే.

2010లో ఒక గట్టి అభ్యంతరం వచ్చింది. కలయిక అక్కర్లేదు, ఆఫ్రికాలోనే పాతకాలంలో జనం గుంపులుగా విడివిడిగా ఉండి, ఒక గుంపు నియాండర్తాల్‌ల పూర్వీకులకి కాస్త దగ్గరై, ఆ గుంపువాళ్లే తర్వాత బయటికొచ్చి ఉంటే, ఇదే పోలిక కనబడుతుంది కదా అన్నారు. న్యాయమైన అభ్యంతరం. శాతాలతో దీనికి జవాబు చెప్పలేం. ముక్క పొడవుతో చెప్పగలం. ఆ పోలిక ఐదు లక్షల ఏళ్ల నాటిదైతే ముక్కల సగటు పొడవు ఐదారు వేల అక్షరాలకి మించకూడదు. మనలో యాభై వేల అక్షరాల ముక్కలున్నాయి. అభ్యంతరం అక్కడితో వీగిపోయింది.

ఈ కలయిక ఒకవైపే జరిగిందా? లేదు. స్పెయిన్‌లో సిమా దె లోస్ ఉయెసోస్ అని ఒక లోతైన గుంట. అందులో 4 లక్షల 30 వేల ఏళ్ల నాటి ఎముకలు. కేంద్రక డీఎన్ఏ చూస్తే వీళ్లు నియాండర్తాల్‌ల తొలి పూర్వీకులు. మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే డెనిసోవన్లకి దగ్గర. తర్వాతి నియాండర్తాల్‌లలోనేమో మైటోకాండ్రియా డీఎన్ఏ మనకి దగ్గర. ఇదెలా కుదురుతుంది? మధ్యలో ఎప్పుడో, రెండు లక్షల ఏళ్లకి పైనే, మన శాఖకి చెందినవాళ్లు కొందరు ఆఫ్రికా నుంచి వచ్చి నియాండర్తాల్‌లతో కలిశారు. వాళ్ల స్త్రీల మైటోకాండ్రియా క్రమంగా నియాండర్తాల్‌లందరికీ పాకి పాతదాన్ని తొలగించింది. 2020లో నియాండర్తాల్ మగవాళ్ల వై క్రోమోజోము చదివితే అక్కడా ఇదే కథ. డెనిసోవన్ల వై క్రోమోజోము మననుంచి ఏడు లక్షల ఏళ్ల దూరంలో ఉంది, నియాండర్తాల్‌లది అందులో సగం దూరంలోనే. చిన్న జనాభాలో పాతబడి చెడిన వై క్రోమోజోము కంటే బయటినుంచి వచ్చినది మెరుగ్గా నిలిచి ఉంటుందని వివరణ. మనం వాళ్లకి ఇచ్చాం, వాళ్లు మనకి ఇచ్చారు. ఒక్కసారి కాదు, లక్షల ఏళ్ల వ్యవధిలో చాలాసార్లు.

మన దాకా

రెండు శాతం అంటే ఏమిటో ఇప్పుడు సరిగ్గా చూద్దాం. మనకీ నియాండర్తాల్‌కీ డీఎన్ఏ 99 శాతం పైగా ఒకటే అంటారు, మళ్లీ రెండు శాతమే వాళ్లది అంటారు. ఏది నిజం? రెండూ నిజమే, రెండు వేర్వేరు లెక్కలు. మొదటిది అక్షరాల పోలిక. రెండోది ఆ ముక్క ఏ దారిన వచ్చిందన్న లెక్క, మీ జన్యువులో ఎంత భాగం నియాండర్తాల్ పూర్వీకుల గుండా మీదాకా చేరిందన్నది. ఆఫ్రికన్లలో అసలు లేదన్నది కూడా పాత మాట. యూరప్, ఆసియాల నుంచి తిరిగి ఆఫ్రికా వెళ్లినవాళ్ల ద్వారా వాళ్లకీ కొద్దిగా చేరిందని 2020లో తేలింది.

మీ రెండు శాతం, మీ పక్కాయన రెండు శాతం ఒకే ముక్కలు కానక్కర్లేదు. 2025లో 2,762 మంది భారతీయుల పూర్తి జన్యువులు చదివిన అధ్యయనం వచ్చింది. ఒక్కొక్కరిలో ఉన్నది ఒకటి రెండు శాతమే. అందరి ముక్కలూ పక్కపక్కన పేరిస్తే నియాండర్తాల్ జన్యువులో సుమారు సగం, డెనిసోవన్ జన్యువులో ఐదో వంతు తిరిగి దొరికాయి. ఒక్క దేశపు జనంలో ఇంత రకరకాల ముక్కలు ఇంకెక్కడా కనబడలేదు.

ఆ ముక్కలు పని చేస్తాయా? చేస్తాయి, కొన్ని. మూడో క్రోమోజోము మీద 49,400 అక్షరాల ముక్క ఒకటుంది. చూడండి, ఇందాకటి లెక్కకి పొడవు ఎలా సరిపోతోందో. కోవిడ్ వచ్చినప్పుడు తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లలో ఈ ముక్క ఎక్కువగా కనబడింది. 2020లో హ్యూగో జెబెర్గ్, పాబో దాన్ని విండియా నియాండర్తాల్ జన్యువుతో పోల్చి అక్కడిదేనని చూపించారు. దక్షిణాసియాలో సగం మందిలో కనీసం ఒక ప్రతి ఉంది. యూరప్‌లో ఆరుగురిలో ఒకరికి. తూర్పు ఆసియాలో దాదాపు లేదు. మన ప్రాంతంలో ఇంత మందిలో ఎందుకు నిలిచింది? గతంలో వేరే ఏదో రోగం నుంచి కాపాడి ఉండాలన్నది ఒక ఊహ. దీన్ని విని ఎవరూ కంగారుపడొద్దు. కోవిడ్ తీవ్రతకి వయసే అన్నిటికంటే పెద్ద కారణం, ఈ ముక్క దాని తర్వాతే. పన్నెండో క్రోమోజోము మీద ఇంకో నియాండర్తాల్ ముక్క ఉంది, అది ఇదే జబ్బులో కాపాడే వైపు పనిచేస్తుంది.

టిబెట్ వాళ్ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. మనం ఒక్కసారిగా నాలుగు వేల మీటర్ల ఎత్తుకి వెళితే నెత్తుటిలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. మరీ పెరిగితే నెత్తురు చిక్కబడి గుండెకి, గర్భిణులకి ప్రమాదం. టిబెటన్లలో ఈపాస్1 అనే జన్యువు (ఇక్కడ జన్యువంటే మొత్తం డీఎన్ఏ కాదు, అందులో ఒక చిన్న భాగం) ప్రత్యేక రూపంలో ఉండి ఆ పెరుగుదలని అదుపులో ఉంచుతుంది. ఆ రూపం డెనిసోవన్ల నుంచి వచ్చిందని 2014లో తేలింది. ఆ తర్వాత టిబెట్ పీఠభూమి అంచున, 3,280 మీటర్ల ఎత్తున బైషియా గుహలో దొరికిన దవడ డెనిసోవన్లదని 2019లో ప్రోటీన్ చెప్పింది. లక్షా అరవై వేల ఏళ్ల నాటిది. జన్యువు ముందు చెప్పింది, ఎముక తర్వాత వచ్చి అవునంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫలానా కులంలో నియాండర్తాల్ తక్కువ, ఫలానా ప్రాంతంవాళ్లు స్వచ్ఛం అని సందేశాలు తిరుగుతున్నాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా ఈ అంకెలో కాస్త తేడా ఉంటుంది, పంపకం అలాంటిది. ఇంటికొచ్చే పరీక్ష కిట్లు ఇచ్చే శాతాలైతే ఏ ముక్కల్ని లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టే మారిపోతాయి. దయచేసి వాటితో ఎవరినీ కొలవకండి. ఆ అంకెలో మనిషి విలువ చెప్పే అక్షరం ఒక్కటి కూడా లేదు.

నిలవని ముక్కల సంగతీ చెప్పాలి. ఎక్స్ క్రోమోజోము మీద నియాండర్తాల్ అంశ చాలా తక్కువ. మిగతా క్రోమోజోముల మీద కూడా పెద్ద పెద్ద ఖాళీలున్నాయి, ప్రపంచంలో ఎవరిలోనూ అక్కడ నియాండర్తాల్ ముక్క లేదు. మాటతో సంబంధమున్న ఫాక్స్‌పి2 జన్యువు అలాంటి ఖాళీలోనే ఉంది. నియాండర్తాల్ జనాభా చిన్నది, కొద్దిగా హాని చేసే మార్పులు వాళ్లలో పోగుపడ్డాయి. పెద్ద జనాభాలోకి వచ్చాక అవి తరతరాలుగా ఏరివేతకి గురయ్యాయి. నియాండర్తాల్ మైటోకాండ్రియా నేడు ఎవరిలోనూ లేదు. అందుకని నియాండర్తాల్ తల్లులెవరూ లేరని మాత్రం అనకండి. కూతుళ్లు లేని ఒక్క తరం చాలు, ఆ తల్లి వరస తెగిపోవడానికి.

ఇక మన నేల. 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో భారత భూగర్భ సర్వేకి చెందిన అరుణ్ సోనాకియాకి పుర్రె పైభాగం దొరికింది. దాన్నుంచి డీఎన్ఏ ఇంతవరకు రాలేదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. ఆ పొరకి కిందా పైనా రాతి పనిముట్లున్నాయి, వాటిని చేసినవాళ్ల ఎముకలు ఆ పొరల్లో లేవు. డెనిసోవా చలి గురించి ఇందాక చెప్పానే, ఇదీ కారణం. మన వేడిలో, తేమలో డీఎన్ఏ తొందరగా విరిగిపోతుంది. అయినా దారులు మూసుకుపోలేదు. చైనాలో హార్బిన్ పుర్రె ఉంది, కనీసం 1 లక్షా 46 వేల ఏళ్లది. లోపలి చెవిని చుట్టి ఉండే ఎముక అన్నిటికంటే గట్టిది, సాధారణంగా డీఎన్ఏ అక్కడే నిలుస్తుంది. హార్బిన్ పుర్రెలో అక్కడ రాలేదు, పంటిలోనూ రాలేదు. 2025లో పంటి మీది గార గీకి చూస్తే మైటోకాండ్రియా డీఎన్ఏ వచ్చింది, డెనిసోవన్ అని తేలింది. మొదటిసారి డెనిసోవన్ ముఖం ఎలా ఉంటుందో తెలిసింది. డీఎన్ఏ పూర్తిగా పోయినచోట కూడా పంటి పింగాణీలో ప్రోటీన్ ఇంకా చాలాకాలం నిలుస్తుంది. గుహ మట్టిలోంచి కూడా డీఎన్ఏ తీయొచ్చని 2017లో చూపించారు.

అందుకే మీకొక పని అప్పగిస్తాను. మన దగ్గర సున్నపురాయి గుహలు తక్కువేం కాదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లోనే తవ్వి జంతువుల ఎముకలు తీశాడు. గనుల్లో పనిచేసేవాళ్లు, గుహలకి వెళ్లే పిల్లలు మీలో ఉన్నారు. పాత ఎముకో పన్నో కనబడితే తీయకండి. కడగకండి, నీరే మొదటి శత్రువు. పన్ను అయితే గార గీకకండి, తోమకండి. వట్టి చేత్తో ముట్టకండి, జిగురు, వార్నిషు పూయకండి. చుట్టూ ఉన్న మట్టిని కదిలించకండి, ఏ పొరలో ఉందో ఆ పొరే దాని వయసు చెప్పేది. పక్కన ఒక స్కేలు పెట్టి రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీయండి, చోటు గుర్తు పెట్టండి, పురావస్తు శాఖకో భూగర్భ సర్వేకో తెలపండి. గని పనిలో అప్పటికే ఊడి కింద పడిపోతే, శుభ్రమైన గ్లవుజుతో తీసి, ఎండిన కాగితంలో చుట్టి, నీడలో చల్లని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవరులో మూతి బిగించొద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. అంటుకున్న మట్టిని మాత్రం అలాగే ఉంచండి.